ముందు తెర... ఆ తర్వాతే కార్డు

ఢిల్లీ నెహ్రూ ప్లేస్ కానివ్వండి, ముంబయి లామింగ్టన్ రోడ్డు కానివ్వండి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ కానివ్వండి, ఆటల కంప్యూటర్ కోసం వచ్చిన కుర్రవాడు దుకాణంలో మొదట అడిగేది గ్రాఫిక్స్ కార్డు గురించే. వెంట వచ్చిన తండ్రి అడిగేది మొత్తం ఎంతవుతుందని. లక్ష రూపాయల లోపు తేలవలసిన ఆ లెక్కలో పెద్ద వాటా కార్డుకే పోతుంది. చివరకు మిగిలిన ఏడెనిమిది వేలతో ఏదో ఒక మానిటర్ కొంటారు. లేదా ఇంట్లో ఉన్న పాతదే చాలునని సరిపెట్టుకుంటారు. డబ్బు వృథా కావడం అక్కడే మొదలవుతుంది.

గ్రాఫిక్స్ కార్డు పని బొమ్మలను తయారుచేయడం. వాటిని కంటికి అందించవలసింది మానిటర్. సాధారణ మానిటర్ సెకనుకు 60 సార్లు మాత్రమే తెరను మార్చగలదు. దీనినే 60 హెర్ట్జ్ అంటారు. కార్డు సెకనుకు 140 బొమ్మలు తయారుచేసినా ఆ తెర మీద కనిపించేది 60 మార్పులే. వంటింట్లో ఎన్ని రకాలు వండినా విస్తరిలోకి వచ్చిందే భోజనం కదా! 144 హెర్ట్జ్ తెరపై బొమ్మకూ బొమ్మకూ మధ్య వ్యవధి దాదాపు 17 మిల్లీసెకన్ల నుంచి 7 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. వాలొరంట్, కౌంటర్ స్ట్రైక్ వంటి పోటీ ఆటల్లో గెలుపోటములను ప్రభావితం చేసే తేడా ఇది. పైగా ఈ ఆటలు కార్డు మీద పెద్దగా భారం మోపవు. వాటిని మాత్రమే ఆడేవారికి మధ్యరకం కార్డు, 24 అంగుళాల వేగవంతమైన తెర సరిపోతాయి.

సైబర్‌పంక్ 2077 వంటి ఆటల సంగతి వేరు. అక్కడ వేగం కన్నా దృశ్య సౌందర్యం ముఖ్యం. తెర మీది చుక్కల సంఖ్య, అంటే పిక్సెళ్ల సంఖ్య, పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టంగా ఉంటుంది. దానితోపాటు కార్డు మోయవలసిన బరువూ పెరుగుతుంది. 1080 రకం తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే, 1440 రకంలో 36.9 లక్షలు, 4కె తెరలో 82.9 లక్షలు ఉంటాయి. అంటే 4కె తెర కొన్నవాడు తన కార్డుకు నాలుగింతల పని అప్పగిస్తున్నాడన్నమాట. టీవీ 4కె కనుక కంప్యూటర్ తెర కూడా 4కె ఉండాలనే వాదన మధ్యతరగతి వినియోగదారుడికి ఖరీదైన పొరపాటు. అలాగని 27 అంగుళాల తెరను 1080 రకంలో కొంటే దగ్గర నుంచి చూసేవారికి అక్షరాలు గరుకుగా కనిపిస్తాయి. ఆ పరిమాణానికి 1440 రకమే నప్పుతుంది.

ఇక పన్నుల సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద మానిటర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అయితే 32 అంగుళాల లోపు మానిటర్లకు 2019 జనవరి నుంచే 18 శాతం వర్తిస్తోంది. ఆటగాళ్లు ఎక్కువగా కొనేది 24, 27 అంగుళాల తెరలే కనుక వారికి ఈ తగ్గింపుతో ఒరిగింది శూన్యం. గ్రాఫిక్స్ కార్డు అప్పుడూ 18 శాతం శ్లాబులోనే ఉంది, ఇప్పుడూ అందులోనే ఉంది.

కార్డు ధరను శాసిస్తున్నది నిజానికి డాలరు. ఎన్విడియా సంస్థ ఆర్‌టీఎక్స్ 4060 కార్డును 2023 జూన్‌లో 299 డాలర్లకు విడుదల చేసింది. అప్పటి మారకపు రేటు, సుమారు 82 రూపాయల చొప్పున, జీఎస్టీ కలిపితే అది దాదాపు 28,900 రూపాయలు. దాని తర్వాతి తరమైన 5060 కూడా 2025 మేలో అదే 299 డాలర్లకు వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్‌లో రూపాయి డాలరుకు 90 దాటి పడిపోయింది. ఆ రేటున లెక్కవేస్తే అదే 299 డాలర్లు 31,700 రూపాయల పైమాటే. కంపెనీ ఒక్క సెంటు పెంచకపోయినా ఇక్కడి కొనుగోలుదారుడిపై 2,800 రూపాయల భారం పడిందన్నమాట. రవాణా, పంపిణీదారుల లాభం దీనికి అదనం. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో మెమరీ చిప్‌ల ధరలు కూడా ఎగబాకాయి.

ఈ భారం తప్పించుకునేందుకు కొందరు అమెరికాలోని బంధువుల చేత కార్డు తెప్పించుకుంటారు. తెలుగు కుటుంబాల్లో ఇది కొత్త కాదు. కానీ అక్కడ కొన్న కార్డుకు ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. అన్ని కంపెనీల నిబంధన ఒకటి కాదు. మరికొందరు పాత కార్డుల వైపు చూస్తారు. 2021లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తవ్వకానికి కార్డులను రాత్రింబవళ్లు నడిపారు. కొత్త కార్డులు అప్పట్లో అసలు ధరకు దొరకడమే గగనమైంది. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం విధానం మారడంతో ఆ తవ్వకం ఆగిపోయి, అరిగిన కార్డులు విపణిలోకి వచ్చాయి. బిల్లు లేని పాత కార్డును కొనకపోవడమే మేలు.

కార్డు నాలుగేళ్లకు పాతబడుతుంది. మంచి తెర అంతకు రెట్టింపు కాలం బల్ల మీద ఉంటుంది, రెండో కార్డుకూ పనికొస్తుంది. ఏ ఆటలు ఆడతారో తేల్చుకుని, వాటికి తగిన తెరను ఎంచుకుని, ఆ తెరను నడపగల కార్డుతో సరిపెట్టుకోవడం అందుకే లాభసాటి. కార్డు వేగానికీ తెర వేగానికీ పొంతన కుదిర్చే సదుపాయం ఒకప్పుడు ఎన్విడియా కార్డులకు ఖరీదైన మానిటర్లలోనే ఉండేది. 2019 జనవరి నుంచి ఆ సంస్థ సాధారణ అడాప్టివ్ సింక్ మానిటర్లనూ అనుమతించింది.

ఇన్ని లెక్కలూ వేసి తెచ్చిన యంత్రం ఇంట్లో మళ్లీ 60 దగ్గరే ఆగిపోవడం కద్దు. మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలిస్తే కొన్న కార్డు చాలావరకు ఊరకే కూర్చుంటుంది. కేబుల్ సరిగానే ఉన్నా విండోస్ సెట్టింగ్స్‌లో 144ను ఎంపిక చేయకపోతే తెర చాలాసార్లు 60 హెర్ట్జ్‌లోనే నడుస్తుంది. ఆ అంకెను దుకాణంలోనే, డబ్బు చెల్లించే ముందే, తెర మీద చూపించమని అడగవచ్చు. అందుకు పట్టేది రెండు నిమిషాలు.