పక్క గదిలో చప్పుడు ఎందుకు? పడుకునేది ఎలా?

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్తుంటే ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది వరకు 65వ నంబరు జాతీయ రహదారి వెంట లాడ్జీలు కనిపిస్తూనే ఉంటాయి. ఊరు చూడటానికి వచ్చి వీటిలో దిగేవాళ్లు తక్కువ. పాశమైలారంలో కొత్త మిషను బిగించడానికి పుణె నుంచి వచ్చిన సర్వీసు ఇంజనీరు, బొల్లారం మందుల ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పనికి వచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు, కంది ఐఐటీలో పిల్లాణ్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు, పక్క ఫంక్షన్ హాల్లో పెళ్లికొచ్చిన చుట్టాలు. వీళ్లంతా ఒకే వరండాలో ఎదురెదురు గదుల్లో ఉంటారు. పక్క గది గోలతో నిద్రపట్టలేదన్న ఫిర్యాదు ఏ ఊరి లాడ్జిలోనైనా ఉంటుంది. ఈ ప్రాంతంలో మాత్రం దానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి. అవి తెలిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ఇక్కడి లాడ్జీల్లో ఈ గొడవ ఎందుకు ఎక్కువ?

ఫ్యాక్టరీ గడియారం వల్ల. చాలాచోట్ల ఏ షిఫ్ట్ పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు, బీ షిఫ్ట్ రెండు నుంచి రాత్రి పది వరకు, సీ షిఫ్ట్ పది నుంచి మళ్లీ ఆరు వరకు నడుస్తుంది. బీ షిఫ్ట్ దిగినవాడు గదికి చేరేసరికి పదిన్నర, పదకొండు అవుతుంది. స్నానం చేసి, దారిలో కట్టించుకున్న బిర్యానీ పొట్లం విప్పి, టీవీ పెట్టుకుని, ఇంటికి ఫోన్ చేసి పెళ్లాం పిల్లలతో మాట్లాడతాడు. పగలంతా పనిచేసినవాడికి సాయంత్రం ఎలాంటిదో ఇతనికి ఆ వేళ అలాంటిది. గోడకు అటువైపు ఏ షిఫ్ట్‌వాడు నాలుగున్నరకు లేవాలని తొమ్మిదింటికే పడుకుని ఉంటాడు. సీ షిఫ్ట్‌వాడు పొద్దున ఏడింటికి వచ్చి ఎనిమిదింటికి నడుం వాలుస్తాడు. సరిగ్గా అప్పుడే గదులు ఊడ్వడం, బకెట్లు ఈడ్వడం, ఖాళీ చేసేవాళ్ల సూట్‌కేసు చక్రాల మోత మొదలవుతాయి.

తాగి అల్లరి చేసేవాళ్లు లేరని కాదు. వాళ్ల సంగతి కింద వస్తుంది. కానీ ఎక్కువ సందర్భాల్లో అవతలివాడు మనల్ని లెక్కచేయక గోల చేయడం లేదు. మనం పడుకున్న సంగతే అతనికి తెలియదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మన గొంతులో వేడి సగం తగ్గుతుంది.

పని నుంచి వచ్చినవాళ్లు అంత గట్టిగా ఎందుకు మాట్లాడతారు?

ఎనిమిది గంటలు కంప్రెసర్ పక్కనో, ప్రెస్ షాపులోనో, గ్రైండింగ్ దగ్గరో ఉండి వచ్చిన చెవి కొన్ని గంటలపాటు మందగిస్తుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు అలసిపోవడమే కారణం. ఫ్యాక్టరీల నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దుగా పెట్టారు కానీ, 85 దగ్గర్నుంచే చెవిని కాపాడుకోవాలని వైద్యులు చెబుతారు. విశ్రాంతి దొరికితే వినికిడి మళ్లీ మామూలవుతుంది. రోజూ ఇదే జరిగితే కొంత శాశ్వతంగా పోతుంది. కాబట్టి రాత్రి పదకొండింటికి పక్క గదిలో అరిచినట్టు మాట్లాడుతున్న మనిషికి తను అరుస్తున్నట్టే తెలియకపోవచ్చు. ఆ గొంతు విన్నప్పుడు నాకు కోపం కంటే ముందు ఆ చెవుల గురించి బెంగ కలుగుతుంది.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. చుట్టూ చప్పుడుంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎటియెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు 1911లోనే దీన్ని వివరించాడు. గదిలో టీవీ మోగుతుంటే నలుగురూ టీవీని మించి మాట్లాడతారు, వాళ్ల మాటలను మించి వినబడాలని ఎవరో టీవీ పెంచుతారు. అందుకే ‘మెల్లగా మాట్లాడండి’ అనడం కంటే ‘టీవీ కొంచెం తగ్గించండి’ అని అడగడం బాగా పనిచేస్తుంది. టీవీ తగ్గితే గొంతులూ వాటంతట అవే దిగుతాయి. పైగా టీవీని అంటే ఎవరికీ పౌరుషం రాదు.

మధ్యలో గోడ ఉండగా మాట ఎలా వినబడుతుంది?

గోడలోంచి వచ్చేది తక్కువే. రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సుమారు 40 డెసిబెల్స్ వరకు ఆపుతుంది. మామూలు ఫ్లష్ డోరు, అదీ కింద సందు ఉన్నది, అందులో సగం ఆపితే గొప్ప. రాత్రిపూట గదిలో లైటు ఆర్పి తలుపు దగ్గర కూర్చుని చూడండి. వరండా ట్యూబ్‌లైటు వెలుగు తలుపు కింద నుంచి పట్టీలా పరుచుకుని ఉంటుంది. ఎవరైనా నడిచి వెళ్తే ఆ పట్టీ మీద కాళ్ల నీడలు కదులుతాయి. వెలుగు వచ్చే సందులోంచి చప్పుడూ వస్తుంది. వరండాలో వేసిన నున్నటి టైల్స్ శబ్దాన్ని ఏమాత్రం పీల్చుకోవు. చివరి గదిలో తలుపు దభాలున వేస్తే ఈ చివర దాకా వినబడుతుంది.

రెండో దారి బాత్రూం. పైనా కిందా ఉన్న బాత్రూంల ఎగ్జాస్ట్ ఫ్యాన్ కంతలన్నీ ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. పై అంతస్తులో ఫోన్ మాట్లాడేవాడి మాట స్పష్టంగా దిగేది అందులోంచే. మూడోది శ్లాబు. కుర్చీ ఈడ్చినా, మంచం జరిపినా ఆ దెబ్బ కాంక్రీటులో ప్రయాణించి కింది గదిలో మోగుతుంది. దీన్ని తలుపులు మూసి ఆపలేం.

అందుకే చేయాల్సిన మొదటి పని తలుపు కింద సందులో తువ్వాలు చుట్ట చుట్టి దోపడం. రెండోది బాత్రూం తలుపు గట్టిగా వేసుకోవడం. ఈ రెంటితోనే మనిషి మాట గొణుగుడుగా మారిపోతుంది. మాట అర్థం కాకపోతే మెదడు దాని వెంట పోదు.

ఇంట్లో ఇంతకంటే గోల ఉన్నా నిద్రపడుతుంది కదా, కొత్త చోట ఎందుకు పట్టదు?

కొత్త చోట మొదటి రాత్రి మెదడు సగం కాపలా కాస్తుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో దీన్ని ప్రయోగం చేసి చూశారు. మొదటి రాత్రి గాఢనిద్రలో మెదడు ఎడమ భాగం కుడి భాగమంత లోతుగా నిద్రపోలేదు. వింత చప్పుడు వినబడితే ముందుగా స్పందించింది ఆ భాగమే. కొద్దిరోజుల తర్వాత మళ్లీ అదే చోట పడుకున్నప్పుడు ఆ తేడా పోయింది. మొదటి రాత్రి నిద్ర పలచబడటం ఒంటి స్వభావమేనన్నమాట. దానికి కంగారుపడితే ఉన్న నిద్ర కూడా పోతుంది.

మెదడును లేపేది చప్పుడు పెద్దదా చిన్నదా అన్నది ఒక్కటే కాదు, అది ఉన్నట్టుండి రావడం. హైవే మీద లారీల ఏకధాటి హోరుకు అలవాటుపడతాం, ఒక్క ఎయిర్ హారన్‌కు ఉలిక్కిపడి లేస్తాం. ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టుకుంటే ఈ ఎగుడుదిగుడులు కొంత కప్పుకుపోతాయి. ఫ్యాక్టరీల్లో ఇచ్చే నురగ ఇయర్ ప్లగ్‌లు ఇంకా మంచివి. పనిలో వాడినవి కాకుండా కొత్త జత తీసి, వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో అదిమి ఉంచాలి. చాలామంది చెవి అంచున తగిలించి ‘పనిచేయవు’ అని పారేస్తారు. అలారం వినబడదేమోనని భయముంటే ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద ఉంచుకోవాలి.

గది తీసుకునేటప్పుడు ఏం అడగాలి?

‘ఏసీ ఉందా, గీజర్ పనిచేస్తుందా’ అన్న వాటితో పాటు ఇవి కూడా అడగండి. రోడ్డు వైపు గదా, వెనక వైపుదా? లిఫ్టు, మెట్లు, రిసెప్షన్ పక్కన కాకుండా ఉందా? అన్నిటికంటే పై అంతస్తు దొరుకుతుందా? పైన ఎవరూ ఉండరు కాబట్టి కుర్చీల ఈడ్పు తప్పుతుంది, ఎండాకాలంలో శ్లాబు వేడి మాత్రం భరించాలి. వరసగా గదులు తీసుకున్న పెద్ద బృందం ఏ అంతస్తులో ఉంది? పెళ్లిళ్ల రోజులైతే పక్క హాల్లో ఆ రాత్రి ముహూర్తం ఉందా? పెళ్లివాళ్లు దిగిన అంతస్తులో తెల్లవారుజామున మూడింటికే లేచి తయారవుతారు, పిల్లలు వరండాలో పరుగులు పెడతారు. వాళ్లను తప్పుపట్టలేం. వేరే అంతస్తు అడిగితే సరిపోతుంది.

గోల మొదలయ్యాక ఎవరికి, ఎలా చెప్పాలి?

ముందు రిసెప్షన్‌కు. నేరుగా వెళ్లి తలుపు కొట్టకండి. లోపల ఎంతమంది ఉన్నారో, తాగి ఉన్నారో తెలియదు. ఆడవాళ్లు ఒంటరిగా దిగినప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. రిసెప్షన్ కుర్రాడితో ‘నా గది నంబరు చెప్పకు తమ్ముడూ’ అని కూడా అనండి. అతను వెళ్లి ‘అన్నా, పక్కన ఒకాయనకు పొద్దుగాల డ్యూటీ ఉన్నదట, జర టీవీ తగ్గిస్తరా?’ అంటే చాలామంది వెంటనే తగ్గిస్తారు. ఈ బెల్టులో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ కాబట్టి ‘భయ్యా, సుబహ్ డ్యూటీ హై, టీవీ థోడా కమ్ కర్ దీజియే’ అన్న ముక్క తెలిసుండటం మంచిది. ‘డ్యూటీ’ అన్న మాటకు ఇక్కడ విలువుంది. అవతలివాడూ డ్యూటీ మీద వచ్చినవాడే.

పదింటికి ఇబ్బంది మొదలైతే పదింబావుకు చెప్పండి. ఒంటిగంట దాకా పళ్లు కొరుక్కుని, అప్పుడు చెబితే మన గొంతులో మూడు గంటల కోపం ఉంటుంది. రెండుసార్లు చెప్పినా మారకపోతే మేనేజర్‌ను పిలిచి గది మార్చమనండి. ‘వాళ్లను ఖాళీ చేయించండి’ అంటే వాదన పెరుగుతుంది. ‘నన్ను వెనక వైపు గదికి మార్చండి’ అంటే పని అయిపోతుంది. గది ఇవ్వలేక, గోల ఆపలేక ఊరుకుంటే డబ్బు తగ్గించమని అడిగే హక్కు మనకుంది. బస కూడా వినియోగదారుల రక్షణ చట్టం కిందకు వచ్చే సేవే. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

పోలీసులకు చెప్పొచ్చా?

తలుపులు బాదినా, బెదిరించినా, కొట్లాట అయినా ఆలోచించకుండా 112కు ఫోన్ చేయాలి. డీజే విషయంలోనూ చేయొచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండగల కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించిన కొద్ది రోజుల్లో మాత్రం అర్ధరాత్రి వరకు వీలుంటుంది. తలుపులు మూసిన హాలు లోపలివరకు వినబడేలా పెట్టుకోవచ్చు కానీ, రోడ్డు మీద బరాత్‌కు ఆ వెసులుబాటు లేదు. మాట్లాడే స్వేచ్ఛ ఉంది కదా అని ఇతరుల చెవిలో బలవంతంగా శబ్దం పోసే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005 జులై 18న తీర్పు చెప్పింది. పక్క గదిలో కబుర్లకు మాత్రం ఈ దారి సరిపోదు. అది రిసెప్షన్ దగ్గర తేలాల్సిన వ్యవహారం.

మరి పగలు పడుకునేవాళ్ల సంగతేమిటి?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. చట్టం దృష్టిలో రాత్రి అంటే పది నుంచి ఆరు. సీ షిఫ్ట్ కార్మికుడి రాత్రి పొద్దున ఎనిమిదింటికి మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. పారిశ్రామిక ప్రాంతంలో పగటి హద్దు 75 డెసిబెల్స్, రాత్రి హద్దే 70. పడకగదిలో నిలకడగా ఉండే శబ్దం 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. ఒకటి బయట కొలిచేది, ఇంకొకటి గదిలో కొలిచేది అనుకున్నా ఈ తేడా చాలా పెద్దది. పగటి నిద్ర ఎటూ ఒంటి గడియారానికి ఎదురీదడమే. నాలుగైదు గంటలు పట్టడమే కష్టం, అందులో రూంబాయ్ రెండుసార్లు తలుపు కొడతాడు.

పదిహేడు గంటలు మేలుకున్న మనిషిలో చేతికీ కంటికీ ఉండే సమన్వయం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా దెబ్బతింటుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03. నిద్రలేనివాడు ఆ రాత్రి రియాక్టర్ వాల్వు తిప్పుతాడు, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు.

దీనికి మందు లాడ్జి యజమానుల దగ్గర, గదులు గుత్తగా బుక్ చేసే కాంట్రాక్టర్ల దగ్గర, కంపెనీ అడ్మిన్ వాళ్ల దగ్గర ఉంది. రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఆధార్, ఏ పని మీద వచ్చారో ఎలాగూ రాయించుకుంటారు. దాని పక్కన ‘ఏ షిఫ్ట్?’ అని ఒక గడి పెడితే చాలు. సీ షిఫ్ట్‌వాళ్లను ఒకే అంతస్తులో వెనక వైపు వేయొచ్చు. ఆ అంతస్తు ఊడ్వడం, దుప్పట్లు మార్చడం మధ్యాహ్నం రెండు తర్వాత పెట్టుకోవచ్చు. కుర్చీ కాళ్లకు రబ్బరు బుడిపెలు, తలుపు కింద రబ్బరు పట్టీ హార్డ్‌వేర్ షాపులో దొరికేవే. కాంట్రాక్టర్ ఇరవై గదులు తీసుకునేటప్పుడు రేటు బేరమాడినట్టే ఈ అంతస్తు సంగతి కూడా బేరంలో పెడితే ఏ యజమానీ కాదనడు. నెలల తరబడి అద్దె ఇచ్చే గిరాకీ అది.