దుల్హా ఎక్కే గుర్రం: రంగు కాదు, గుణం చూడండి

మన కొండపల్లి పొణికి చెక్క బొమ్మ గుర్రం పక్కన టపాకాయ పేల్చినా కదలదు. ప్రాణమున్న గుర్రం అలా కాదు. అయినా బారాత్ కోసం గుర్రాన్ని మాట్లాడేటప్పుడు చాలామంది అడిగేవి రెండే: తెల్లదేనా? ఎంత తీసుకుంటారు? దాని గుణం ఎలాంటిది, ఎక్కేవాడికి సవారీ వచ్చా అని అడిగేది తక్కువ. గుర్రం బెదిరితే ప్రమాదం దుల్హాకే కాదు, ముందు నడిచే ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా.

గుర్రం పుట్టుకతోనే బెదురు జంతువు. ప్రమాదం అనిపిస్తే ముందు పరుగే. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా వెనకాల మాత్రం కనిపించదు. అందుకే వెనక నుంచి వచ్చే బైకు హారన్‌కి ఉలిక్కిపడుతుంది.

ఎక్కినవాడి భయం కూడా దానికి తెలుస్తుంది. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఈసారి దారిలో గొడుగు తెరుస్తామని సవారీ చేసేవాళ్లకి చెప్పారు, కానీ తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్లతోపాటు గుర్రాలదీ పెరిగింది.

కాబట్టి మనిషిని చూసి గుర్రాన్ని ఎంచుకోవాలి.

భయపడేవాళ్లకి, పిల్లలకి: పదేళ్లు దాటిన, నెమ్మదైన, జనానికీ చప్పుడుకీ అలవాటుపడిన గుర్రం. కొత్త మనిషికి కొత్త గుర్రం అసలు వద్దు.

ధైర్యం ఉండి నేర్పు లేనివాళ్లకి: వీళ్లతోనే ఎక్కువ జాగ్రత్త. ఒకవైపు లగాం లాగుతారు, మరోవైపు మడమలతో పొడుస్తారు. ఆగమంటున్నాడో వెళ్లమంటున్నాడో గుర్రానికి అర్థం కాదు. వీళ్లకీ నెమ్మదైనదే ఇవ్వాలి.

నేర్పున్నవాళ్లకి: చురుకైన గుర్రం సరిపోతుంది. హైదరాబాద్ మలక్‌పేట లాంటి రేసు మైదానాల్లో పరుగెత్తే థరోబ్రెడ్‌లు చిన్న సైగకే స్పందిస్తాయి. రేసులు మానేసిన గుర్రం చవగ్గా వస్తోందని పిల్లాడికి కొనిస్తే చిక్కే.

బరువు కూడా చూడాలి. గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదని ఒక లెక్క. 400 కిలోల గుర్రం మీద జీనుతో కలిపి 80 కిలోలు దాటకూడదు.

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. ఒక రాత్రి మదీనాలో ఏదో అలజడి వినిపిస్తే, ప్రవక్త ముహమ్మద్ (స) అందరికంటే ముందు హజ్రత్ అబూ తల్హా (రజి) గారి గుర్రం మీద, జీను లేకుండానే వెళ్లి చూసి వచ్చారు. మందకొడి అని పేరున్న గుర్రం అది. తిరిగి వచ్చి దాని వేగాన్ని సముద్రంతో పోల్చారు. గుర్రం అదే, ఎక్కినవారి నేర్పు వేరు. ఆ నేర్పు లేనప్పుడు మనం చేయాల్సింది తగిన గుర్రాన్ని వెతుక్కోవడమే.

బయానా ఇచ్చేముందు యజమానినే ఎక్కి చూపించమనండి. బ్యాండు మోతలో నడిపించి చూడండి. బారాత్‌లో సాయీస్ లగాం వదలకూడదు, గుర్రం దగ్గర టపాసులు కాల్చకూడదు. నేర్చుకునే పిల్లలకి హెల్మెట్, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. రికాబులో పాదం ముందు భాగమే ఉండాలి, లేకపోతే పడినప్పుడు కాలు ఇరుక్కుంటుంది.

దుల్హాకి భయంగా ఉంటే ఎగతాళి చేయకండి. కారులో వచ్చినా నికాహ్ నికాహే.