కొండ చెప్పే మాట కలిసిపోకూడదు

 

మా ఊరు కొండ కిందనే ఉన్నది. నాలుగు రోజులు వాన ఆగకుండా పడితే మా నాయన రాత్రి నిద్రపోడు. మట్టి జారుతుందేమో అని మాటిమాటికి లేచి బయట నిలబడి వింటాడు. అలా వినే పని యంత్రం కూడా చేయగలదు.

కేరళలో మున్నారు దగ్గర ఆంథోనియార్ కాలనీలో అమృత విశ్వవిద్యాలయం వారు 2008లో కొండవాలులో సెన్సార్లు పెట్టారు. నేలలో నీటి ఒత్తిడి ఎంత పెరిగింది, మట్టి ఎంత కదిలింది అని కొలిచి, తీగలు లేకుండా రేడియో తరంగాలతో చెప్పడం వాటి పని.

ఇలాంటివి చాలా వరకు చిన్న సెల్లుల మీద నెలల తరబడి నడవాలి. అందుకే గుసగుసగా మాట్లాడతాయి. వాటి బలం సుమారు 1 మిల్లీవాట్. వైఫై బలం 100 మిల్లీవాట్ల దాకా ఉంటుంది. ఎక్కువ సెన్సార్లు, వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒకే దారిలో పోతాయి. సంతలో మైకు పెట్టి దుప్పట్లు అమ్మేవాని పక్కన నిలబడితే అమ్మ చెవిలో చెప్పినా వినపడదు కదా! ఇదీ అంతే. దీనినే రేడియో అంతరాయం అంటారు. మాట పోతే మళ్లీ చెప్పాలి. మళ్లీ మళ్లీ చెబితే సెల్లు తొందరగా అయిపోతుంది. వాన రాత్రి అయిపోతే ఎలా?

దీనికి ఉపాయాలు ఉన్నవి.

1. ఖాళీ చోటు చూసుకోవాలి. ఈ సెన్సార్లకు 11 నుండి 26 వరకు మొత్తం 16 ఛానళ్లు. వైఫై ఎక్కువగా తన 1, 6, 11 ఛానళ్లలో ఉంటుంది. వాటి మధ్య సందుల్లో సెన్సారు ఛానళ్లు 15, 20 వస్తాయి. 25, 26 ఆ మూడింటినీ దాటి ఉంటాయి. కాబట్టి ఈ నాలుగూ మంచివి. జాగ్రత్త! వైఫై 11, సెన్సారు 11 ఒకటి కాదు. నేను మొదట ఇక్కడే తప్పు చేసినాను.

2. ముందు విని తరువాత మాట్లాడాలి. ఎవరైనా మాట్లాడుతుంటే సెన్సారు కొంచెం ఆగి మళ్లీ వింటుంది. కానీ కొండకు ఇటు ఒకటి, అటు ఒకటి ఉంటే ఒకదాని మాట ఇంకొకదానికి వినపడదు. రెండూ ఒకేసారి చెబితే మధ్యలో ఉన్నదానికి ఏదీ అర్థం కాదు.

3. అందుకే జవాబు కావాలి. హాజరు పిలిస్తే మనం "ఉన్నాను" అంటాము కదా, అలాగే అందుకున్నది "అందింది" అని చెప్పాలి. ఆ జవాబు రాకపోతే మళ్లీ పంపాలి.

4. చోటు మారుతూ ఉండాలి. 2012లో వచ్చిన ఒక పద్ధతిలో ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసి ఉంటుంది, ఛానలు కూడా మారుతూ ఉంటుంది. ఒక చోట గోల ఉన్నా తరువాతి చోట మాట అందుతుంది. దీనికి అన్నింటి గడియారాలు కలిసి నడవాలి.

5. వేరే దారి పట్టవచ్చు. మన దేశంలో 865 నుండి 868 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ బలం గల పరికరాలకు లైసెన్సు అవసరం లేదు. అక్కడ వైఫై గోల ఉండదు, చెట్ల మధ్య కూడా మాట కొంచెం దూరం పోతుంది.

స్టడీ అవరులో మనమందరం ఒకేసారి గట్టిగా చదివితే ఎవరి పాఠం ఎవరికీ రాదు. వంతు, ఓపిక, జవాబు అనేవి యంత్రాలకు కూడా కావాలి.

మా కొండకు సెన్సారు ఇంకా రాలేదు. వచ్చేదాకా మా నాయనే వింటాడు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని