సైకిలుకు కొత్త చక్రం: కొనేముందు చూడవలసినవి

తెల్లవారకముందే పాలు, దినపత్రికలు వేసేవారు, షిఫ్టు వేళకు మగ్గాల షెడ్డు చేరవలసిన కార్మికులు, క్యారియరుకు బుట్ట కట్టుకొని వీధులు తిరిగే చిరువ్యాపారులు – నగరంలో వీరందరి బతుకుతెరువు సైకిలు మీదనే సాగుతుంది. చక్రం వంకరపోతే ఆ రోజు కూలి పోతుంది. వానలో బ్రేకు పట్టకపోతే ప్రాణానికే ముప్పు. అయినా కొత్త చక్రం కొనేటప్పుడు మనలో చాలామంది అడిగేది ధర ఒక్కటే. సరైన కొలత, సమంగా బిగిసిన చువ్వలు ఉన్న సామాన్యమైన చక్రం, అవి లేని ఖరీదైన చక్రంకన్నా ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ రెండింటినీ పరీక్షించుకోవడం ఎవరికైనా సాధ్యమే.

మార్చవలసినది ఏమిటి?

చక్రానికి అంచున రిమ్ము, నడుమ హబ్బు, ఆ రెంటినీ కలుపుతూ చువ్వలు ఉంటాయి. హబ్బు లోపల ఇరుసు, బేరింగులు ఉంటాయి. వీటిలో ఒకటి చెడినంత మాత్రాన చక్రమంతా మార్చనవసరం లేదు. ఒకటి రెండు చువ్వలు తెగితే వాటినే వేయించుకోవచ్చు. తరచుగా ఒకటి తరువాత ఒకటి తెగుతూ ఉంటే మిగిలినవి కూడా బలహీనపడ్డాయని గ్రహించి, అన్నింటినీ మార్పించడం మేలు. రిమ్ము మడతపడినా, పగిలినా, బ్రేకు రబ్బరు రాపిడికి దాని పక్కభాగం గుంటపడేలా అరిగినా ఇక వాడరాదు. అటువంటప్పుడు హబ్బు బాగుంటే, దానికే కొత్త రిమ్మును, చువ్వలను కట్టించుకోవచ్చు.

రెండు చక్రాలను జతగా కొనవలసిన పని కూడా లేదు. నడిపేవారి బరువు, క్యారియరు మీది సరుకు బరువు అధికభాగం వెనుక చక్రంపై పడతాయి. సాధారణంగా మొదట పాడయ్యేది అదే. చేతిలోని సొమ్ము పరిమితమైతే, దానిని రెండు నాసిరకం చక్రాలపై కాక ఒక గట్టి వెనుక చక్రంపై ఖర్చు చేయడం ఉత్తమం.

అంకె ఏ భాషలోనైనా ఒకటే

దుకాణదారు కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా – ఏ భాష మాట్లాడేవారైనా, టైరు పక్కన అచ్చువేసిన అంకె మారదు. 'ఇరవైయ్యారు సైజు' అని నోటితో చెబితే చాలదు. 26 × 1 3/8 అని రాసి ఉన్న టైరుకు కావలసిన రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. 26 × 1.95 అని ఉన్న లావు టైరుకు 559. రెండింటినీ 26 అనే పిలిచినా ఒకదాని టైరు మరొకదానికి సరిపోదు. అలాగే పాతకాలపు పెద్ద నల్లసైకిలు టైరు 28 × 1 1/2కు 635, నేటి 700సి టైరుకు 622 మిల్లీమీటర్ల రిమ్ము కావాలి.

చాలా టైర్లపై 37-590 వంటి జంట అంకె కూడా ఉంటుంది. అందులో మొదటిది టైరు వెడల్పు. రెండవది టైరు అంచు రిమ్ముపై కూర్చునేచోట వ్యాసం. ఈ రెండవ అంకెను కాగితంపై రాసుకొని చూపండి. పాత చక్రాన్ని వెంట తీసుకువెళ్తే మరీ మంచిది.

తరువాత మరి నాలుగు విషయాలు కుదరాలి. రిమ్ము రంధ్రాలు, హబ్బు రంధ్రాలు సమాన సంఖ్యలో ఉండాలి. పెద్ద నల్లసైకిళ్లకు ముందు 32, వెనుక 40 చువ్వలు ఉండడం పరిపాటి. ఇరుసు బిగించే రెండు కొనల నడుమ ఖాళీని కొలవాలి; గేర్ల సైకిళ్లలో వెనుక ఇది 126, 130, 135 మిల్లీమీటర్లుగా రకరకాలుగా ఉంటుంది. గేర్లుంటే, పళ్లచక్రాలు హబ్బుకు మరతో బిగించేవా, గాడులలో తొడిగేవా అని చూడాలి. చివరిది బ్రేకు: రాడ్డు బ్రేకు రబ్బర్లు హబ్బువైపున్న రిమ్ము ముఖాన్ని పట్టుకుంటాయి, తీగ బ్రేకులకు రిమ్ము పక్కలు చదునుగా ఉండాలి. డిస్కు బ్రేకైతే ఆ బిళ్లను బిగించే ఏర్పాటు హబ్బుకే ఉండాలి.

దేనిని ఎంచుకోవాలి?

తీగ బ్రేకులున్న సైకిలుకు అల్యూమినియం రిమ్ము శ్రేయస్కరం. మెరుగుపెట్టిన ఇనుప రిమ్ము తడిసినప్పుడు రబ్బరు జారి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అల్యూమినియంపై పట్టు బాగుంటుంది. రెండు పొరల గోడలున్న రిమ్ము గుంతల దెబ్బకు త్వరగా వంగదు. బరువు మోసేవారు వెనుక చక్రానికి 36 చువ్వలకు తగ్గకుండా చూసుకోవాలి. చువ్వల మందం 2 మిల్లీమీటర్లు, అంటే 14 గేజి, సామాన్య వాడకానికి చాలు. చెన్నై, యానాం వంటి ఉప్పుగాలి తగిలే ఊళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలకు కొంత ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

కొనేచోటనే పరీక్ష

పెద్ద సైకిలు చక్రం ఒక కిలోమీటరుకు దాదాపు 450 సార్లు తిరుగుతుంది. రోజుకు 10 కిలోమీటర్లు చొప్పున 300 రోజులు తొక్కితే అది పదమూడున్నర లక్షల చుట్లు. ప్రతి చుట్టులోనూ ఒక్కొక్క చువ్వ నేలవైపు వచ్చినప్పుడు కాస్త వదులై మళ్లీ బిగుస్తుంది. వదులుగా ఉన్న చువ్వలో ఈ మార్పు తీవ్రమై, హబ్బు దగ్గరి వంపులో అది తెగుతుంది. మన్నిక ముఖ్యంగా బిగింపులోనే ఉందనడానికి కారణం ఇదే.

కనుక దుకాణంలోనే ఇరుసు పట్టుకొని చక్రాన్ని తిప్పండి. రిమ్ము పక్కలకు ఊగరాదు, పైకీ కిందకీ ఎగరరాదు. ఒకే వైపు చువ్వలను వేలితో మీటితే ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. గేర్ల సైకిలు వెనుక చక్రంలో కుడి, ఎడమల స్వరాలు వేరుగా ఉండడం సహజం. రిమ్మును పట్టి అటూ ఇటూ కదిపితే హబ్బు దగ్గర కొట్టుకోరాదు. తిప్పితే గరగర వినిపించరాదు. రసీదు అడిగి తీసుకోండి.

కొత్త చక్రంపై వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మరమ్మతుదారుకు చూపి, చువ్వలు సరిచేయించి, బెండు తీయించండి. టైరులో గాలి దానిపై రాసిన మేరకు ఉంచండి. గాలి తగ్గితే గుంత దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. ఏడాదికొకసారి హబ్బు విప్పించి, శుభ్రపరచి, గ్రీజు పెట్టించండి. ఈ చిన్న ఖర్చును దాటవేస్తే, మళ్లీ చక్రమే కొనవలసి వస్తుంది.