కృత్రిమ మేధకు కులం కనబడదా?

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల వయసున్న దాదాపు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో చదువుకుంటున్న ఆదివాసీ పిల్లలు. ఎన్నో సమ్మతి పత్రాలపై ఉన్న సంతకాలు తల్లిదండ్రులవి కావు, వార్డెన్లవి. కొందరు బాలికలు మరణించాక 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. మరణాలకు టీకాయే కారణమని ప్రభుత్వ విచారణ తేల్చలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

నేడు ఆ కాగితం స్థానంలోకి తెర వస్తోంది. క్లినికల్ ట్రయల్స్‌కు ఎవరు తగినవారో ఆస్పత్రి రికార్డులను జల్లెడపట్టి కృత్రిమ మేధ సూచిస్తోంది. చేతికి కట్టుకున్న పరికరం గుండె లయను దూరం నుంచే నమోదు చేస్తోంది. కాలం, ఖర్చు ఆదా కావడం మేలే. అయితే యంత్రం ఉన్న రికార్డునే చదువుతుంది. ఆస్పత్రి గడప తొక్కలేనివారి జబ్బు దాని లెక్కలోకే రాదు.

అమెరికాలో వైద్యానికైన ఖర్చునే అవసరానికి కొలమానంగా తీసుకున్న ఒక అల్గారిదం, సమానంగా జబ్బుపడిన నల్లజాతి రోగుల అవసరాన్ని తక్కువగా అంచనా వేసిందని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. అందులో జాతి అన్న కాలమ్ లేదు. వివక్ష ఖర్చు రూపంలో లోపలికి వచ్చింది. మన దగ్గర కులం కాలమ్ లేకపోయినా ఇంటిపేరు, పిన్‌కోడ్, చదువు ఆ పని చేయగలవు. ప్రయోగానికి దేహం కావలసినప్పుడు గుర్తుకొచ్చే వాడలు, గూడేలు ఫలితాలు పంచే వేళకు డేటాలో కనిపించకుండా పోతాయి.

కొత్త ఔషధాల ప్రయోగాల్లో బలహీన స్థితిలో ఉన్నవారి సమ్మతిని వీడియోలో నమోదు చేయాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే. కానీ కోయ తల్లికి అర్థంకాని భాషలో చదివి తల ఊపించుకుంటే, కెమెరా సాక్షిగా జరిగేదీ పాత తంతే. 2019 నాటి డేటా రక్షణ బిల్లు కులం, తెగ వివరాలను సున్నిత సమాచారంగా గుర్తించింది. 2023 చట్టంలో ఆ వర్గీకరణే లేదు.

కనుక అడగవలసినవి మూడు. సమ్మతి వారి భాషలో, ఆలోచించుకునే వ్యవధితో జరగాలి. నైతిక సంఘాల్లో దళిత, ఆదివాసీ సభ్యులుండాలి. అల్గారిదం ఎవరిని ఎంచుకుంది, ఎవరిని వదిలేసింది అన్న లెక్క, వ్యక్తుల వివరాలు బయటపడకుండా, సామాజిక వర్గాలవారీగా ప్రజల ముందుకు రావాలి. వార్డెన్ సంతకాన్ని ప్రశ్నించిన సమాజం, యంత్రం ఎంపికనూ ప్రశ్నించాలి.