గిటార్‌లో మూడు పికప్‌లున్నా ఆ రెండూ కలవవు.. ఒక్క నాబ్ మారిస్తే కొత్త సౌండ్!

తిరుపతి, చిత్తూరు వైపు పెళ్లి రిసెప్షన్లలో వాయించే ఆర్కెస్ట్రా గిటారిస్టుకు ఒకే రాత్రి మెలోడీ కావాలి, మాస్ బీటూ కావాలి. చేతిలో ఉండేది మాత్రం ఒకటే గిటార్. స్ట్రాటోకాస్టర్ తరహాది అయితే దానికి మూడు పికప్‌లు. తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేవి ఇవే. మెడ దగ్గరిది మెత్తగా, బ్రిడ్జి దగ్గరిది పదునుగా పలుకుతుంది.

1954లో ఫెండర్ కంపెనీ దీన్ని తెచ్చినప్పుడు స్విచ్‌కు మూడే స్థానాలు. వాయించేవాళ్లే స్విచ్‌ను మధ్యలో ఇరికించి రెండేసి పికప్‌లు కలిపేవారు. చివరికి 1977లో కంపెనీయే ఐదు స్థానాల స్విచ్ పెట్టింది. అయినా మెడ, బ్రిడ్జి పికప్‌ల జోడీ మాత్రం అందులో లేదు.

దానికే ఈ బ్లెండ్ నాబ్. కింది టోన్ నాబ్ తీసేసి, ఆ రెండు పికప్‌ల వైర్ల మధ్య 250 కిలో ఓమ్‌ల పాట్ వేస్తారు. తిప్పేకొద్దీ రెండోది కొద్దికొద్దిగా కలుస్తుంది. ‘నో లోడ్’ పాట్ అయితే ఇంకా మేలు, వద్దనుకుంటే పూర్తిగా తెగిపోతుంది. సౌండ్ రెట్టింపవుతుందని మాత్రం అనుకోవద్దు. రెండూ ప్యారలల్‌లో ఉంటాయి కాబట్టి కాస్త పలచగా, గలగలమంటూ వస్తుంది.

అసలు చిక్కు హమ్‌తోనే. ఇప్పటి చాలా గిటార్లలో మధ్య పికప్‌కు చుట్టు, అయస్కాంతం రెండూ తిరగేసి ఉంటాయి. అందుకే దానితో కలిపితే కరెంటు హమ్ తగ్గుతుంది. మెడ, బ్రిడ్జి పికప్‌లు ఒకే తీరువి. ఆ జోడీలో హమ్ అలాగే ఉంటుంది. లైట్లు, డిమ్మర్లు దగ్గరగా ఉండే స్టేజీపై ఇది బాగా తెలుస్తుంది. అలాంటప్పుడు నాబ్ వెనక్కి తిప్పేసి, స్విచ్‌ను 2 లేదా 4వ స్థానంలో పెట్టుకోవడమే దారి.