వేలం పేజీలో మన బియ్యం వివరాలు ముద్దయిపోకుండా

వీడియో పైన పెట్టాను, చూసే టైం లేనోళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

ఆ మధ్య ఒక ఆన్‌లైన్ వేలం సైట్లో 5 కిలోల నవారా బియ్యం పెట్టాను. పాలిష్ పట్టలేదు, ఎర్రగా ఉంటాయి, ముందు రోజు రాత్రే నానబెట్టాలి అని లైను కింద లైను టైప్ చేశా. పేజీలో చూస్తే అంతా ఒకటే ముద్ద. పాటలో దక్కించుకున్నాయనకు ఆ నానబెట్టే మాటే కనపడలేదు. ఉడకట్లేదని సంచి వెనక్కి పంపారు. రానూపోనూ కొరియర్ ఖర్చు నా మీదే పడింది.

సంగతేంటంటే, హెచ్‌టీఎంఎల్‌లో మనం నొక్కిన ఎంటర్‌ను బ్రౌజర్ ఒక్క స్పేస్‌గానే లెక్కేస్తుంది. లైను తెగాలంటే కోణపు బ్రాకెట్ల మధ్య ఇంగ్లిష్‌లో బీఆర్ అని రాయాలి. ముఖ్యమైన మాట లావుగా రావాలంటే ముందు అలాగే బ్రాకెట్లలో బి, చివర స్లాష్ బి. ఆ స్లాష్ మరిచిపోయారో, కిందున్నదంతా లావు అక్షరాలే! రంగులు, మెరుపులు వద్దండి, పెళ్లి పత్రిక కాదు కదా. ఈబే అయితే 2017 నుంచే లిస్టింగుల్లో జావాస్క్రిప్ట్‌ను ఆపేసింది.

ఇంకోటి, అను ఫాంట్లలో కొట్టిన తెలుగు అతికించకండి. కొనేవాళ్ల ఫోన్లో పిచ్చి గుర్తులొస్తాయి. యూనికోడ్‌లోనే రాయండి.

ఇప్పుడు నా పేజీలో మొదటి లైనే లావుగా ఉంటుంది: "ఎర్ర బియ్యం, పాలిష్ లేదు, రాత్రంతా నానబెట్టాలి." ఆ కింద కోత నెల, తూకం, కొరియర్ ఖర్చు, ఒక్కోటి ఒక్కో లైను.